పద్నాలుగో నంబరు చొక్కా

బేస్‌బాల్ మేనేజర్ల మెడ కోయడానికి ఒక ముహూర్తం ఉంది. సీజను ఆఖరి ఆట ఆదివారం అయిపోతుంది. సోమవారం పొద్దున వాళ్ళ కప్పులో కాఫీ చల్లారకముందే ఫోను మోగుతుంది. బంతి కొట్టలేని వాళ్ళు, పట్టలేని వాళ్ళు, కోట్లు తీసుకుని మోకాలు నొప్పని పడుకున్న వాళ్ళు అందరూ భద్రంగానే ఉంటారు. పోయేది బెంచీ మీద కూర్చుని వాళ్ళని నడిపినవాడి ఉద్యోగం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

బఫెలో మిల్లర్స్ క్లబ్బులో ఈ తంతు బెర్నడెట్ పావ్లాక్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూస్తోంది. ఆమె అక్కడ దర్జీ. మిగతా ఆటల్లో శిక్షకులు కోట్లూ సూట్లూ వేసుకుని హుందాగా నిలబడతారు. ఈ ఆటలో మాత్రం మేనేజరూ, అతని కింద శిక్షకులూ, పొట్ట ఎంత ముందుకొచ్చినా సరే, కుర్రాళ్ళలాగే వీపు మీద పేరూ నంబరూ ఉన్న చొక్కా తొడుక్కోవాల్సిందే. అందుకని వచ్చేవాడి పేరు కుట్టేదీ, పోయినవాడి పేరు విప్పేదీ బెర్నీయే. ఇప్పటికి పదకొండు మంది మేనేజర్ల పేర్లు కుట్టింది. పది విప్పింది.

విప్పడం కుట్టడం కంటే కష్టం. అక్షరాల అంచుల్లో పోగులు ఒక్కొక్కటే చిన్న కత్తితో తెంపుకుంటూ రావాలి. తొందరపడితే గుడ్డ చిరుగుతుంది. అక్షరాలు ఊడొచ్చాక కూడా వాటి కింద గుడ్డ కొత్తగా, చుట్టూ ఎండకి వెలిసి, ఆ పేరు ఇంకా చదవడానికి వస్తూనే ఉంటుంది. ఒకాయన్ని కూతురి పెళ్ళిలో ఉండగా ఫోన్లో తీసేశారు. ఇంకొకాయన విమానం దిగి సామాను కోసం నిలబడి ఉండగా టీవీలో చూసి తెలుసుకున్నాడు. వాళ్ళ పేర్లు విప్పిన రోజుల్లో బెర్నీ ఇంటికెళ్ళి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆమె పుట్టింది ఊరికి తూర్పున, పోలిష్ వాళ్ళ పేటలో. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూసేశారని ఆయనకి చెప్పింది కూడా గేటుకి అంటించిన కాగితమే. తల్లి పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్న బెర్నీ, పద్దెనిమిదో ఏట కోట్ల ఫ్యాక్టరీలో చేరింది. అదీ మూతపడితే ఈ స్టేడియం కింద, కిటికీ లేని గదిలో, రెండు మిషన్ల మధ్య వచ్చి పడింది. భర్త స్టాన్లీ ట్రక్కు తోలేవాడు, గుండెపోటుతో పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లలు లేరు. అరవై నాలుగేళ్ళొచ్చినా ఆ గదిని వదలలేదంటే డబ్బుకోసం కాదు. అక్కడ కుర్రాళ్ళు చిరిగిన ప్యాంట్లు పట్టుకొచ్చి ఆమె చేత తిట్లు తిని వెళ్ళేవాళ్ళు, ఆ తిట్లు లేకపోతే ఆమెకీ పొద్దుపోయేది కాదు.

ఆ గదికి రోజూ వచ్చే మనిషి ఆల్విన్ గ్రేడీ. అలబామా నుంచి వచ్చిన నల్లవాడు, యాభై తొమ్మిదేళ్ళవాడు. కుర్రతనంలో చిన్న లీగుల్లో తొమ్మిదేళ్ళు బస్సుల్లో తిరిగి, పెద్ద లీగులో నలభై ఒక్క రోజులు ఆడి, మోకాళ్ళు అరిగి శిక్షకుడయ్యాడు. మిల్లర్స్‌లో మేనేజరు పక్కన కూర్చునే శిక్షకుడిగా ఇరవై రెండేళ్ళు. వచ్చిన ప్రతి మేనేజరూ తన వాళ్ళని తెచ్చుకుని పాతవాళ్ళని ఊడ్చేసేవాడు. గ్రేడీని మాత్రం ఉంచుకునేవాడు. ఎందుకంటే ఏ కుర్రాడు ఏ బంతికి తడబడతాడో, ఎవడి పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయిందో ఆ భవనంలో అతనొక్కడికే తెలుసు. అంటే వచ్చినవాళ్ళందరికీ పనికొచ్చాడు, మేనేజరుగా మాత్రం ఎవరికీ గుర్తురాలేదు. వేరే ఊళ్ళ క్లబ్బులు అయిదుసార్లు ఇంటర్వ్యూకి పిలిచాయి. అయిదుసార్లూ "చాలా దగ్గరగా వచ్చారు" అని పంపించేశాయి.

ఆ అక్టోబరులో మిల్లర్స్ మేనేజరు వాల్ట్ బ్రోడీని మామూలు ముహూర్తానికే తీసేశారు. వారం తిరక్కుండా క్లబ్బు అధ్యక్షుడు కెలన్ మార్ష్ గ్రేడీని పిలిచి, భుజం మీద చెయ్యేసి, "మా దృష్టిలో గట్టి అభ్యర్థివి నువ్వే. బుధవారం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. మార్ష్‌కి ముప్ఫై ఆరేళ్ళు. గ్రేడీ ఆట మానేసి శిక్షకుడైన ఏడు అతను బడిలో ఎక్కాలు నేర్చుకుంటున్నాడు.

తరువాతి సోమవారం పొద్దున, ఆటసామాను చూసుకునే రే డిమార్కో బెర్నీ గదిలోకి వచ్చి తలుపు మూశాడు. మంచివాడే గాని పిరికివాడు. ఒక చీటీ బల్ల మీద పెట్టాడు.

"ఇది మధ్యాహ్నానికల్లా కావాలి బెర్నీ. రేపు పొద్దున ఫొటోలు తీస్తారట. నీకూ నాకూ మార్ష్‌కీ తప్ప ఈ బిల్డింగులో ఇంకెవరికీ తెలీదు. నీ నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాకూడదు."

బెర్నీ కళ్ళజోడు సర్దుకుని చదివింది. హాల్‌స్టెడ్. కానర్ హాల్‌స్టెడ్ అంటే మార్ష్‌తో కాలేజీలో చదువుకున్నవాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఒక్క ఆటకి కూడా మేనేజరుగా కూర్చున్న పాపాన పోలేదు.

"ఏంట్రా ఇది? ఆల్విన్‌కి ఎల్లుండి కదా ఇంటర్వ్యూ?"

"ఉంటుంది. అదీ ఉంటుంది."

"పేరు కుట్టేశాక ఇంటర్వ్యూ ఎందుకురా?"

రే గోడకేసి చూస్తూ అన్నాడు. "లీగు రూలు ఉందిగా. నల్లవాళ్ళనో, స్పానిష్ వాళ్ళనో ఒక్కరినైనా పిలిచి మాట్లాడాలి. పిలిచామని కాగితం పంపాలి. లేకపోతే ప్రకటించడానికి ఒప్పుకోరు."

శుభలేఖలు అచ్చయ్యాక ఇంకో పెళ్ళికొడుకుని పెళ్ళిచూపులకి పిలిచే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఉంటే ఆ ఇంటి మీద ఊరు ఊరంతా ఉమ్మేయదా? ఇక్కడ మాత్రం దానికో పద్ధతి అని పేరు పెట్టి, కాగితం మీద సంతకం కూడా చేస్తారు. ఆ రూలు పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు. తలుపు తెరవమని రూలు పెడితే, వీళ్ళు తలుపు బొమ్మ గీసి దాని ముందు మనిషిని నిలబెట్టారు.

బెర్నీ చీటీ మళ్ళీ చూసింది. పేరు కింద నంబరు ఉంది. పద్నాలుగు.

"ఒరేయ్, పద్నాలుగు ఆల్విన్ నంబరు."

"హాల్‌స్టెడ్ అడిగాడట. చిన్నప్పుడు స్కూల్లో అదే వేసుకునేవాడట."

"అయితే ఆల్విన్ ఏం వేసుకుంటాడు?"

రే చీటీని ఇంకాస్త ఆమె వైపు జరిపాడు. ఆమెకి అర్థమైపోయింది. మేనేజరు పదవి ఇవ్వకపోవడమే కాదు, ఉన్న కుర్చీ కూడా లాగేస్తున్నారు. ఇరవై రెండేళ్ళు అతని వీపు మీదున్న నంబరు, అతను ఇంకా భవనంలో తిరుగుతుండగానే ఇంకొకడికి కుట్టమంటున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"ఇద్దరు పిల్లలు బళ్ళో ఉన్నారు బెర్నీ. నన్ను ముంచకు," అని రే వెళ్ళిపోయాడు.

ఆమె సాండ్‌విచ్ సగం తిని, సగం చెత్తబుట్టలో పడేసింది. తరువాత కూర్చుని కుట్టింది. కోపంతో కుడితే కుట్టు వంకర పోతుందని తల్లి చెప్పేది. ఆ రోజు మాత్రం ఒక్క పోగు వంకర పోలేదు. వంకర పోయి ఉంటే బాగుండునని ఆమే అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గ్రేడీ వచ్చాడు. చేతిలో ముదురు నీలం సూటు ప్యాంటు, మొహం వెలిగిపోతోంది.

"బెర్నీ, కాళ్ళు ఒక అంగుళం తగ్గించాలి. డెనీస్ కొత్త సూటు కొనిచ్చింది. పాతది వేసుకెళ్తే అయిదుసార్లూ అచ్చిరాలేదు, దాన్ని పారేయమంది."

"స్టూలెక్కు," అంది బెర్నీ.

అతను ప్యాంటు మార్చుకుని వచ్చి స్టూలెక్కి నిలబడ్డాడు. ఆమె గుండుసూదులు నోట్లో పెట్టుకుని అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. పైనుంచి అతని మాటలు కురుస్తూనే ఉన్నాయి.

"పోర్ట్‌లండ్ వాళ్ళు ఫోన్ చేశారు తెలుసా? మూడో బేస్ దగ్గర శిక్షకుడిగా రమ్మన్నారు. రెండేళ్ళకి కాంట్రాక్టు. ఇవాళ సాయంత్రం అయిదులోపు చెప్పమన్నారు. వద్దని చెప్పేద్దామనుకుంటున్నా."

బెర్నీ చెయ్యి ఆగింది. ఈ ఉద్యోగాలు కుర్చీలాట లాంటివి. అక్టోబరులో పాట మొదలవుతుంది, నవంబరుకల్లా ఆగిపోతుంది. అప్పటికి కూర్చోని వాడికి మళ్ళీ ఏడాది దాకా కుర్చీ లేదు. యాభై తొమ్మిదేళ్ళ మనిషికి ఆ పై ఏడాది కూడా ఉండదు.

"ఎందుకు వద్దనడం? ఇక్కడ ఏదో ఒకటి తేలేదాకా ఆగమని అడగచ్చుగా?"

"అడిగాను. ఆగరు. వాళ్ళకీ ఇంకో మనిషి ఉన్నాడు. అయినా మార్ష్ అంతలా చెప్పాడు కదా బెర్నీ. భుజం మీద చెయ్యి కూడా వేశాడు."

ఆ చెయ్యి గురించి అంత మురిసిపోయి చెబుతుంటే బెర్నీ ఇక వినలేకపోయింది. ఆమె నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చింది. లేచి, సొరుగు తెరిచి, రే ఇచ్చిన చీటీ తీసి అతని చేతిలో పెట్టింది.

"నిన్న పొద్దున రే తెచ్చాడు. నాకూ వాడికీ మార్ష్‌కీ తప్ప ఈ బిల్డింగులో ఎవరికీ తెలీదట. నిన్ననే కుట్టేశాను. ఇవాళ పొద్దున ఆ పేరుగలవాడు చొక్కా తొడుక్కుని ఫొటో కూడా దిగాడు."

గ్రేడీ స్టూలు మీదే నిలబడి చదివాడు. కింద ఉన్న నంబరు ముందు చూశాడు. పేరు తరువాత చూశాడు.

"నా నంబరు," అన్నాడు.

"అవును."

"నంబరు కూడానా?"

అతను నెమ్మదిగా దిగి, స్టూలు మీదే కూర్చున్నాడు. ప్యాంటు ఒక కాలు మడిచి, ఒక కాలు వేలాడుతూ, ఆ పెద్దమనిషి ఎంత చిన్నగా కనిపించాడంటే బెర్నీ మొహం తిప్పుకుంది. అతను ఫోను తీసి పోర్ట్‌లండ్‌కి చేశాడు. "వస్తాను" అన్నాడు. "శుక్రవారం పొద్దుటిదాకా ఎవరికీ చెప్పకండి, నా కోసం ఈ ఒక్క సాయం చేయండి" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ స్టూలెక్కాడు.

"ఇక రెండో కాలు గుచ్చు."

"ఎందుకు? రేపు వెళ్ళవుగా?"

"వెళ్తాను."

"నీకేమైనా పిచ్చా ఆల్విన్? వాళ్ళ కాగితం నింపడానికి వెళ్తావా? మొహాన ఉమ్మేసి పోక!"

"వెళ్ళకపోతే ముందు ఎవర్ని అడుగుతారు? ఈ సంగతి తెలిసింది ముగ్గురికి. మార్ష్ చెప్పడు. రే చెప్పే రకం కాదు. మిగిలింది ఎవరు?"

"నన్ను తీసేస్తే తీసేయనీ! నేనేం భయపడను."

"నాకు భయంగా ఉంది," అన్నాడు గ్రేడీ. "నా మూలంగా ఇంకొకళ్ళు పోయారంటే నేను మోయలేను. గుచ్చు బెర్నీ."

ఆమె గుచ్చింది. కుట్టింది. ఇస్త్రీ కూడా చేసి ఇచ్చింది. అబద్ధపు పెళ్ళిచూపులకి తన చేత్తోనే బట్టలు సిద్ధం చేయాల్సి వచ్చిందే అని ఇంటికెళ్ళేదాకా తిట్టుకుంటూనే ఉంది. మార్ష్‌నీ తిట్టింది, రేనీ తిట్టింది, అంత మంచితనం ఉన్నందుకు గ్రేడీనీ తిట్టింది.

బుధవారం ఇంటర్వ్యూ రెండున్నర గంటలు నడిచింది. గురువారం గ్రేడీ ఫోన్లో చెప్పాడు.

"అన్నీ అడిగారు. బంతి విసిరే పిచ్చర్లలో ఎవడు మోచెయ్యి నొప్పి దాస్తున్నాడు, ఎవరెవరికి పడదు, ఎవరిని ఏ వరసలో బ్యాటింగుకి పంపాలి. మార్ష్ పక్కన ఇద్దరు కూర్చుని అన్నీ రాసుకున్నారు."

"నువ్వు చెప్పావా?"

"ఆట గురించి అడిగితే అబద్ధం ఎలా చెబుతాను? చెప్పాను."

"అవన్నీ రేపు ఆ హాల్‌స్టెడ్‌గాడి చేతికే కదా వెళ్ళేది!"

"అవును. వెళ్ళేటప్పుడు మార్ష్ లిఫ్టు దాకా వచ్చాడు. ఏమైనా నాకిది మంచి అనుభవం అవుతుందన్నాడు."

మంచి అనుభవం! ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాడికి, ఆ అనుభవమంతా ఉచితంగా పిండుకుని, అనుభవం ఇచ్చామని చెప్పి సాగనంపారు. బెర్నీ ఫోను పెట్టేసింది. ఆ రెండున్నర గంటలూ అతను కూర్చున్నది తన కోసమేనని ఆమె మరిచిపోలేకపోయింది. ఆ సాయంత్రమే మార్ష్ అతనికి ఫోను చేసి, చివరిదాకా ఇద్దరి మధ్యా తేల్చుకోలేకపోయామని చెప్పాడట. గ్రేడీ థాంక్స్ చెప్పాడట.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి పోర్ట్‌లండ్ గ్రేడీ పేరు ప్రకటించింది. పదకొండుకి మిల్లర్స్ మీడియా గదిలో కొత్త మేనేజరు పండగ. కెమెరాల ముందు చొక్కా తొడిగేటప్పుడు భుజమో బొత్తామో సరిపడకపోతే సర్దడానికి దర్జీ అక్కడ ఉండాలన్నది పాత ఆనవాయితీ. అందుకని బెర్నీ సూదుల దిండు మణికట్టుకి కట్టుకుని వెనక గోడ దగ్గర నిలబడింది. రే ఆమె పక్కనే ఉన్నాడు. ఆమెకేసి చూడలేదు.

హాల్‌స్టెడ్ వేసుకున్న షర్టూ టై మీదుగానే ఆ చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. ఫొటోలవాళ్ళు తిరగమంటే తిరిగి వీపు చూపించాడు. పేరు విల్లులా తీరుగా వంగి, దాని కింద పద్నాలుగు. పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మార్ష్ మైకు ముందుకి వచ్చాడు.

"మేం తలుపులన్నీ తెరిచి వెతికాం. మనసులో ముందే ఎవర్నీ అనుకోలేదు. ఆల్విన్ గ్రేడీ ఇంటర్వ్యూ నేను చూసిన వాటిల్లోకెల్లా గొప్పది. ఆయన వెళ్ళిపోవడం మాకు తీరని లోటు. నిజం చెప్పాలంటే, మేం నిర్ణయం తీసుకున్నది నిన్న సాయంత్రం ఏడు గంటలకి."

ముందు వరసలో సాల్ ఫియొరే కూర్చున్నాడు. ఊరి పేపర్లో నలభై ఏళ్ళుగా బేస్‌బాల్ రాస్తున్న ముసలాయన. శుక్రవారాలు చర్చి హాల్లో వేయించిన చేపల విందులో బెర్నీ ఎదుట కూర్చుని, ఆమె పళ్ళెంలోంచి కూడా తినేసే చనువున్నవాడు. ఆయన కుర్చీలో వెనక్కి తిరిగి నవ్వాడు.

"నిన్న సాయంత్రం ఏడుకా? అయ్యో పాపం మా బెర్నీ! రాత్రంతా నిద్ర లేకుండా కుట్టించారన్నమాట!"

గది గదంతా నవ్వింది. మార్ష్ కూడా నవ్వాడు. కెమెరాలు నాలుగైదు ఆమె వైపు తిరిగాయి. రే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నవ్వేసి ఊరుకో బెర్నీ," అన్నాడు గుసగుసగా. "నీకు దండం పెడతా."

ఆమె చేతిని విడిపించుకుంది. తల ఊపి నవ్వేస్తే అయిపోయేది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ అలాగే అయిపోయింది. వచ్చినవాడి పేరు కుట్టింది, పోయినవాడి పేరు విప్పింది, ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగారు.

"రాత్రి ఎందుకు కుడతాను సాల్?" అంది బెర్నీ, వెనక వరసకి కూడా వినిపించేలా. "సోమవారం మధ్యాహ్నం కుట్టాను."

నవ్వులు ఒకచోట ఆగాయి, ఇంకోచోట ఆగలేదు. సాల్ జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన మొహంలో నవ్వు లేదు.

"ఏ సోమవారం బెర్నీ?"

"మొన్న సోమవారమే. ఆల్విన్‌ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసింది ఆ తరవాత బుధవారం. ఆ వేసుకున్న నంబరు కూడా ఆల్విన్‌దే, చూసుకోండి."